హైస్కూల్లో బూతులు, ఎగతాళి తగ్గించి పిల్లల్ని కలపడం ఎలా? జూలై నుంచి దసరా దాకా చేయాల్సిన పని

"మా బడిలో పిల్లల నోళ్లు అదుపులో లేవు, ఏం చేయమంటారు?" ఈ ఏడాది కూడా చాలామంది టీచర్లు ఇదే అడిగారు. ఇద్దరు హెడ్మాస్టర్లు, ఒక తల్లి కూడా అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

జిల్లా పరిషత్ హైస్కూల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఆరు నుంచి పది దాకా తరగతులు, రెండు మూడు వందల మంది పిల్లలు, పది పన్నెండు మంది టీచర్లు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. ప్రైవేటు బడికైనా కొద్ది మార్పులతో పనికొస్తుంది. ఖర్చు రెండు నోటుబుక్కులు, పది చార్టులు. వారానికి ఒక పీరియడ్ కావాలి.

గోడ మీద "మర్యాదగా మాట్లాడుము" అని రాయించడం, బూతుకు ఐదు రూపాయలు జరిమానా వేయడం నేనూ చేశాను. మొదటి వారం డబ్బా నిండింది. రెండో వారం ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి పొద్దున్నే పది రూపాయలు తెచ్చి, "సార్, ఇవాళ్టికి రెండు మాటలు" అన్నాడు. కాబట్టి ఆ పద్ధతి ఇందులో ఉండదు.

## 1. ముందు రెండు వారాలు వినండి, ఏమీ సరిదిద్దొద్దు

బడి జూన్ రెండో వారంలో తెరుస్తారు. అడ్మిషన్లు, టీసీలు, పుస్తకాలు, యూనిఫాం హడావిడిలో ఆ నెల పోతుంది. జూలై మొదటి సోమవారం నుంచి వినడం మొదలుపెట్టండి.

క్లాసులో వింటే ఏమీ దొరకదు, మీ ముందు అందరూ బుద్ధిమంతులే. వినాల్సిన చోట్లు ఇవి: ప్రార్థన అయ్యాక లైను విడిపోయేటప్పుడు, మంచినీళ్ల కుళాయి దగ్గర, మధ్యాహ్న భోజనం వరుసలో, గ్రౌండులో టీములు వేసుకునేటప్పుడు, సాయంత్రం ఆటో ఎక్కేచోట.

చిన్న నోటుబుక్కులో మూడే రాయండి: ఎక్కడ, ఏ మాట, విన్నవాళ్లు ఎలా ఉన్నారు (నవ్వారా, తల దించుకున్నారా, తిరిగి అన్నారా). పిల్లల పేర్లు మాత్రం వద్దు. పేరు పడితే అది ఫిర్యాదుల పుస్తకం అయిపోతుంది, రెండు రోజుల్లో బడంతా తెలిసిపోతుంది.

రెండు వారాలయ్యాక ఆ మాటల్ని ఐదు కుప్పలు చేయండి:

- ఒంటి గురించి: రంగు, పొట్టి, లావు, కళ్లద్దాలు, నత్తి, వైకల్యం
- ఇంటి గురించి: కులం, మతం, తల్లిదండ్రుల పని, ఊరు, హాస్టల్
- ఆడపిల్లల గురించి, "ఆడంగి" లాంటి మాటలు
- చదువు గురించి: మొద్దు, ఫెయిల్ బ్యాచ్
- వట్టి బూతులు

మన చెవికి ఐదోదే ఘాటుగా తగులుతుంది. అందుకే అందరం అక్కడే మొదలుపెడతాం. కానీ స్నేహితులిద్దరు నవ్వుకుంటూ అనుకునే బూతు కంటే మొదటి రెండు కుప్పల్లోని మాటలే ఎక్కువ కోస్తాయి. మా దగ్గర ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు భోజనం తర్వాత బడిలో కనిపించకుండా పోయేవాడు. ఆరా తీస్తే తేలింది, అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవడం లేదు. వాళ్ల నాన్న చేసే పని పేరుతో పిలుస్తున్నారు. అందులో ఒక్క బూతూ లేదు, జరిమానా డబ్బాలో ఒక్క రూపాయీ పడలేదు.

చివరగా ఒక లెక్క తీసిపెట్టుకోండి. ఒకే చోట, అంటే భోజనం వరుస దగ్గర, మూడు రోజులపాటు రోజుకు పదిహేను నిమిషాలు నిలబడి ఎగతాళి మాట వినపడ్డప్పుడల్లా ఒక గీత గీయండి. ఈ గీతల సంఖ్య చివర్లో అవసరమవుతుంది.

తర్వాతి అడుగుకు ముందు చూసుకోండి
- ఐదు కుప్పల కాగితం తయారైందా?
- ఎక్కువగా ఎగతాళి జరిగే రెండు చోట్లు తెలిశాయా?
- మూడు రోజుల గీతల లెక్క తేదీతో సహా రాసిపెట్టుకున్నారా?

## 2. పిల్లల కంటే ముందు స్టాఫ్ రూం

ఈ అడుగు దాటేసి మూడోదానికి వెళ్లిన బడులే ఎక్కువ. అక్కడే పని చెడుతుంది.

సెప్టెంబరు 5న స్వపరిపాలన దినోత్సవం చేస్తాం కదా. ఒక ఏడాది మా తొమ్మిదో తరగతి అమ్మాయి నా వేషం కట్టింది. చేతిలో చాక్‌పీసు, చంకలో హాజరు పట్టీ. "ఒరేయ్ మొద్దావతారం, నీకు చెప్పినా ఒకటే, ఆ గోడకి చెప్పినా ఒకటే!" అంది. గొంతు కూడా అచ్చు నాదే. క్లాసంతా గొల్లుమంది, నేనూ నవ్వాను. సాయంత్రం ఇంటికెళ్లే దారిలో మాత్రం ఆ మాట నాదేనని ఒప్పుకోక తప్పలేదు. మీ బడిలో ఎవరెవరు ఎలా మాట్లాడతారో తెలియాలంటే వేరే సర్వే అక్కర్లేదు, ఆ రోజు వెనక బెంచీలో కూర్చుంటే చాలు.

హెచ్ఎం గారిని అడిగి ఒక సాయంత్రం నలభై నిమిషాలు స్టాఫ్ మీటింగ్ పెట్టించండి. క్రమం ఇది:

1. మీరు తీసిన ఐదు కుప్పల కాగితం చదవండి. ఎవరినీ వేలెత్తి చూపొద్దు.
2. ప్రతి టీచరూ తనకు కోపం వచ్చినప్పుడు నోట వచ్చే రెండు మాటలు చీటీ మీద రాసి, పేరు లేకుండా మడిచి పెట్టాలి. మీరే ముందు రాయండి.
3. చీటీలు కలిపి చదవండి. చాలా మాటలు పిల్లల కుప్పల్లోనూ ఉంటాయి. దాని మీద మీరేమీ వ్యాఖ్యానించొద్దు.
4. కింది ఐదు మార్పుల్లో కనీసం మూడింటికి అందరి ఒప్పుకోలు తీసుకోండి.

మార్పు ఒకటి: "అది", "వాడు" మానడం. "అది ఇవాళ రాలేదు సార్" అంటాం. బల్లకీ బకెట్టుకీ వాడే మాటే ఆడపిల్లకీ వాడతాం. పేరు చెప్పండి. పేరు గుర్తు లేకపోతే "ఆ అమ్మాయి", "ఆ అబ్బాయి" అనండి. హాజరు వేసేటప్పుడు నంబర్లు కాకుండా పేర్లు పిలవండి.

మార్పు రెండు: ఒరేయ్, ఏమే. ఇక్కడ గొడవ అవుతుంది. "ప్రేమతో ఏరా అంటే తప్పేంటి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. తప్పు లేదనే నా అభిప్రాయం కూడా. కాకపోతే ఒక పరీక్ష పెట్టుకోండి. అదే మాట, అదే గొంతుతో సర్పంచ్ గారి అబ్బాయిని కూడా అంటారా? అంటే అనుకోండి, పర్వాలేదు. కొందరిని మాత్రమే అంటుంటే అది ప్రేమ కాదని ఆ పిల్లలకు ఎప్పుడో తెలుసు.

మార్పు మూడు: మార్కుల పేర్లు. "సి గ్రేడు వాళ్లు ఇటు రండి" అనొద్దు. జవాబు పత్రాలు మార్కులు కనపడకుండా తిరగేసి ఇవ్వండి. అదనపు క్లాసుకు కావాల్సినవాళ్ల పేర్లు విడిగా చెప్పండి.

మార్పు నాలుగు: స్కాలర్‌షిప్ వివరాలు. "ఎస్సీలు లేవండి, బీసీలు చేతులెత్తండి." ఇది చెడ్డ ఉద్దేశంతో అనరు, పైనుంచి అర్జెంటుగా లెక్క అడిగితే అంటారు. కానీ ఎవరి కులం ఏమిటో క్లాసంతటికీ చెప్పేది ఆ నిమిషమే. వివరాలు అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్నాయి. కొత్త సర్టిఫికెట్ కావాలంటే ఒక్కొక్కరినీ ఆఫీసు గదికి పిలిచి అడగండి. అరగంట ఎక్కువ పడుతుంది, అంతే.

మార్పు ఐదు: వంటవాళ్లు, ఆయాలు, ఊడ్చేవాళ్లు. వాళ్లని మనం "ఏయ్" అంటే పిల్లలూ అంటారు. "అక్కా", "అమ్మా", లేదా పేరు చివర "గారు". ఈ మార్పు అన్నిటికంటే తేలిక, పిల్లల్లో ఫలితం కూడా దీనికే ముందుగా కనిపించింది.

ఒప్పుకోనివాళ్లు ఉంటారు. "మేం తిట్లు తినే పైకొచ్చాం" అనేవాళ్లతో వాదన పెట్టుకోకండి. ఒక్క తరగతిలో రెండు వారాలు ప్రయత్నించమని అడగండి. అయినా మొండికేస్తే, విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించిందని హెచ్ఎం గారి చేత చెప్పించండి. మీరు చెబితే తగువవుతుంది.

## 3. యాసను దిద్దకండి

ఈ పనిలో మంచి టీచర్లు కూడా పొరపాటు చేసేది ఇక్కడే. మర్యాద నేర్పిస్తున్నామనుకుని పిల్లల ఇంటి భాషను తప్పు పడతారు.

"సార్, నువ్వు నిన్న చెప్పినవ్ గదా" అని ఒక పిల్ల అంటే అది అమర్యాద కాదు. చాలా పల్లెల్లో తల్లిదండ్రులనూ తాతలనూ "నువ్వు" అనే పిలుస్తారు. ఉత్తరాంధ్ర పిల్లవాడి "ఏటి సార్"లో, సీమ పిల్ల "యాడికి పోతాండావ్ సార్"లో కూడా తలబిరుసు లేదు. వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన టీచరుకు ముందు ఇది చెప్పాలి.

మాట ఏమిటన్నది కాదు, దాంతో ఎదుటివాళ్లని కిందకి లాగుతున్నారా అన్నదే చూడండి. "మీరు", "తమరు" అంటూనే ఎగతాళి చేయొచ్చు, పదో తరగతి పిల్లలు ఇందులో ఆరితేరినవాళ్లు.

ఇంటి దగ్గర లంబాడీ, కోయ, గోండి, సవర, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉంటే వాళ్ల ఉచ్చారణ మీద నవ్వడం కూడా మీ ఐదు కుప్పల్లో "ఇంటి గురించి" కిందికే వస్తుంది. ఆ భాషలో పలకరింపు మాటలు క్లాసుకు నేర్పించొచ్చు. కానీ ఆ పిల్లను ముందుగా పక్కకు పిలిచి అడిగి, సరేనంటేనే. అడక్కుండా బోర్డు దగ్గరికి పిలిస్తే మీరే తనని అందరి ముందూ నిలబెట్టినట్టు అవుతుంది.

## 4. తరగతి ఒప్పందం రాయించడం

జూలై మూడో వారంలో, తరగతికి రెండు పీరియడ్లు. లీజర్ పీరియడ్ దొరికితే మంచిది, లేకపోతే తెలుగు పీరియడ్లో చేయండి.

మొదటి పీరియడ్. ప్రతి ఒక్కరికీ రెండు చీటీలు. ఒకదాని మీద "నన్ను ఇలా పిలిస్తే ఇష్టం" అని రాసి పేరు పెట్టాలి. రెండోదాని మీద "ఈ మాట వింటే ఏడుపొస్తుంది లేదా కోపమొస్తుంది" అని, పేరు లేకుండా. చీటీలు తీసుకుని బెల్లు కొట్టేదాకా మామూలు పాఠం చెప్పండి.

రెండో రకం చీటీల్ని ఎప్పుడూ పైకి చదవొద్దు. నేను ఒకసారి చదివాను. ఏ మాటకి ఎవరు ఏడుస్తారో మర్నాటికల్లా క్లాసు కనిపెట్టేసింది, వారంపాటు ఆ మాటలే మోగాయి. వాటిని ఇంటికి తీసుకెళ్లి చదివి, మీ కుప్పల కాగితంలో కలిపి, చించేయండి.

రెండో పీరియడ్. "నన్ను ఇలా పిలిస్తే ఇష్టం" చీటీలు చార్టు మీద అంటించండి. కొందరు పెట్టుడు పేరే ఇష్టమని రాస్తారు, అది వాళ్లిష్టం. తర్వాత ఐదుగురేసి గుంపులుగా కూర్చోబెట్టి నియమాలు రాయించండి. మొత్తం ఐదు దాటకూడదు. "దూషించరాదు" లాంటి నోటీసు బోర్డు భాష వద్దు, పిల్లలు మాట్లాడుకునే మాటల్లోనే ఉండాలి. మా ఏడో తరగతి రాసుకున్నవి:

- పేరుతోనే పిలుద్దాం.
- అమ్మానాన్నల జోలికి పోవద్దు.
- తప్పు చెబితే నవ్వొద్దు, చెప్పనిద్దాం.
- గొడవైతే ముందు ఇద్దరం, తర్వాత లీడరు, తర్వాత టీచరు.
- టీచరు కూడా అరవకూడదు.

ఐదోది రాశారని చిన్నబుచ్చుకోకండి. టీచరుకు కూడా ఒక నియమం ఉన్న చార్టునే పిల్లలు లెక్కలోకి తీసుకుంటారు. అందరూ సంతకాలు పెట్టాలి, మీరూ పెట్టాలి.

రోజూ ప్రతిజ్ఞలో "ప్రతివారితోను మర్యాదగా నడుచుకొంటాను" అని అందరం చేయి చాచి చెబుతాం. వారానికొక తరగతి ముందుకొచ్చి, ఆ వాక్యం దగ్గర తమ ఐదు నియమాల్లో ఒకటి చెప్పేలా పీఈటీ (వ్యాయామ టీచరు) గారితో మాట్లాడుకోండి. అర నిమిషం చాలు, ఉపన్యాసం వద్దు.

## 5. మాట వినపడ్డ వెంటనే ఏం చేయాలి

రోజుకు పదిసార్లు అవసరమయ్యేది ఇదే కాబట్టి స్టాఫ్ అందరూ ఒకేలా చేయాలి. గొంతు పెంచకుండా ఆపడం, ఒక్క ముక్కలో చెప్పడం, మళ్లీ అనిపించడం. ఇలా:

"సార్, ఆ పొట్టోడు నా పెన్ను తీసుకున్నాడు."

"ఎవరు?"

"…రమేశ్, సార్."

"ఇప్పుడు చెప్పు."

"రమేశ్ నా పెన్ను తీసుకున్నాడు సార్."

"సరే. రమేశ్, పెన్ను ఇచ్చెయ్యి."

అంతే, పది సెకన్లు. "ఎందుకన్నావ్? మీ ఇంట్లో ఇదే నేర్పారా?" అని అడిగితే క్లాసుకు వినోదం, ఇద్దరు పిల్లలకూ అవమానం. ఇంట్లో నేర్పారా అన్నది మరీ ప్రమాదం, ఐదు కుప్పల్లో రెండోదానిలోకి మీరే దిగిపోయినట్టు.

చుట్టూ ఉన్న పిల్లలకు నేర్పాల్సింది వేరే. ఎగతాళి చేసేవాళ్లకు బలం నవ్వేవాళ్ల నుంచే వస్తుంది. "తప్పని చెప్పు" అంటే పన్నెండేళ్ల పిల్లవాడికి ధైర్యం చాలదు. తేలికైన పనులు ఇవ్వండి: నవ్వకుండా ఉండటం, మాట మార్చడం, లేదా ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యేసి "రా, నీళ్లు తాగొద్దాం" అని తీసుకుపోవడం. ఒక పీరియడ్లో చిన్న నాటికలా వేయించండి. "నీళ్లు తాగొద్దాం" అన్నది మా బడిలో రహస్య సంకేతమైపోయింది. దాహం లేనివాళ్లు కూడా కుళాయి చుట్టూ తిరిగేవాళ్లు.

## 6. అన్నీ ఒకే తప్పు కాదు: మూడు మెట్లు

మొదటి మెట్టు, అలవాటు మాట. ఎవరినీ ఉద్దేశించని బూతు, "ఏరా పోరా". పైన చెప్పిన పది సెకన్ల పద్ధతి చాలు. రాయక్కర్లేదు.

రెండో మెట్టు, ఒకరినే పట్టుకుని పదే పదే. పెట్టుడు పేరు, ఒంటి మీద వెక్కిరింపు, గుంపులోంచి వెలేయడం. క్లాస్ టీచరు నోటుబుక్కులో తేదీ వేసి రాయాలి. ఆ వారంలోనే ఏడో అడుగులో చెప్పినట్టు కూర్చోబెట్టాలి.

మూడో మెట్టు, ఆ రోజే హెచ్ఎం గారికి చేరాల్సింది. కులం పేరుతో తిట్టడం, వైకల్యాన్ని నలుగురిలో అవమానించడం, ఆడపిల్లలను అసభ్యంగా అనడం, బెదిరింపు, ఫొటోలతో వేధింపు. వీటిలో "పిల్లలు కదా, సర్దుకుపోతారు" అన్నది పనికిరాదు. ఎస్సీ, ఎస్టీలను ఇతరులు నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. దివ్యాంగులను కావాలని నలుగురిలో అవమానించడం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద శిక్షార్హం. లైంగిక వేధింపు అయితే పోక్సో చట్టం 2012 ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, స్టాఫ్ రూంలో రాజీలు చేయకూడదు. పిల్లలకు సాయం కావాలంటే 1098కి ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు ప్రతి క్లాసు గోడ మీదా ఉండాలి.

చట్టం మాట ఎత్తేది పిల్లల్ని జైలు పేరు చెప్పి భయపెట్టడానికి కాదు, పెద్దవాళ్లు ఫైలు మూసేయకుండా ఉండటానికి.

## 7. ఇద్దర్నీ కూర్చోబెట్టడం

రెండో మెట్టు గొడవలకు మాత్రమే ఈ పద్ధతి. అందరి ముందూ "సారీ చెప్పు" అనిపిస్తే నోటితో సారీ వస్తుంది, గేటు దాటాక దెబ్బ పడుతుంది.

క్రమం తప్పొద్దు:

1. మాట పడ్డ పిల్లతో ముందు ఒంటరిగా మాట్లాడండి. ఎదురుగా కూర్చోవడం ఇష్టమేనా అని అడగండి. వద్దంటే వద్దు. అప్పుడు అన్నవాళ్లతో విడిగానే పని ముగించండి.
2. అన్న పిల్లవాడితో ఒంటరిగా. "ఏం జరిగింది?" అని అడిగి పూర్తిగా వినండి. చాలాసార్లు అంతకుముందు అతన్ని ఎవరో అని ఉంటారు.
3. మర్నాడు ఇద్దర్నీ పది నిమిషాలు. స్టాఫ్ రూంలో కాదు, లైబ్రరీ గదిలోనో చెట్టు కిందనో.
4. నాలుగే ప్రశ్నలు: ఏం జరిగింది? అప్పుడు నీకేమనిపించింది? ఇప్పుడేం చేస్తే బాగవుతుంది? మళ్లీ జరిగితే ఎవరితో చెబుతారు?
5. ఒప్పుకున్నది ఒక్క వాక్యంగా రాసి ఇద్దరికీ చదివి వినిపించండి.
6. వారం తర్వాత ఒక నిమిషం కనుక్కోండి. ఈ నిమిషమే అందరం మర్చిపోతాం. తేదీ నోటుబుక్కులో ముందే వేసుకోండి.

ఒకరు బలవంతులు, ఒకరు బలహీనులు అయితే (గుంపు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు) ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. గుంపును విడదీసి ఒక్కొక్కరితో మాట్లాడండి.

## 8. కలిసి పని చేస్తేనే కలుస్తారు

మాటలు తగ్గించడం సగం పని. ఒకరికొకరు తెలియని పిల్లలు ఒకరినొకరు ఎగతాళి చేయడం తేలిక.

భోజనం. క్యారేజీ తెచ్చుకునేవాళ్లు ఒక చెట్టు కింద, బడి భోజనం తినేవాళ్లు వరండాలో. వాళ్లలో మళ్లీ ఏ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లే, ఆ ఊళ్లోనూ ఏ వాడవాళ్లు ఆ వాడవాళ్లే. రోజూ మార్చాలని చూస్తే తిరగబడతారు. బుధవారం ఒక్కరోజు రోల్ నంబరు చివరి అంకె ప్రకారం పది వరుసలు వేయండి, అన్ని తరగతులూ కలిపి. పుట్టిన నెల ప్రకారం వేద్దామని మొదట అనుకున్నాం కానీ, రిజిస్టర్ చూస్తే సగం బడి జూన్‌లోనే పుట్టింది!

ఆడపిల్లలు మగపిల్లలతో ఒకే వరుసలో కూర్చోవడానికి ఇబ్బంది పడితే బలవంతం చేయకండి. పక్కపక్క వరుసలు చాలు.

ఆరో తరగతి. నాలుగైదు ప్రాథమిక బడుల నుంచి వచ్చిన ఈ పిల్లలకే పెట్టుడు పేర్లు మొదట పడతాయి. ప్రతి ఒక్కరికీ తొమ్మిదో తరగతి అన్ననో అక్కనో జత చేయండి, వీలైతే వేరే ఊరివాళ్లని. పని చిన్నదిగా ఉండాలి: మొదటి నెల రోజూ ఒకసారి పేరు పెట్టి పలకరించడం, శనివారం పది నిమిషాలు కూర్చోవడం. పదో తరగతిని ఇందులోకి లాగకండి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, స్పెషల్ క్లాసుల టెన్షన్‌లో వాళ్లు ఏదీ పూర్తి చేయలేరు.

ఆటలు. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరిని ఎంచుకుంటూ పోతే చివర్లో మిగిలే పిల్లవాడు రోజూ ఒకడే. పీఈటీ గారిని ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెట్టి టీములు వేయమనండి. కబడ్డీ, ఖోఖో రెండింటికీ సరిపోతుంది.

పనులు. బెల్లు కొట్టడం, ప్రార్థనలో వార్తలు చదవడం, గ్రౌండులో సున్నం గీతలు వేయడం, లైబ్రరీ పెట్టె, మొక్కలు. జతలుగా ఇవ్వండి, రెండు వారాలకోసారి మార్చండి. శిక్షగా ఎప్పుడూ ఇవ్వకండి. తిట్టినందుకు మొక్కలకు నీళ్లు పోయమంటే, మర్నాటి నుంచి మొక్కలకు నీళ్లు పోసేవాళ్లని చూసి నవ్వుతారు.

## 9. ఫోన్లు, ఇళ్లు

బడిలో తగ్గిన మాటలు రాత్రికి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ గ్రూపుల్లో బయటపడతాయి. క్లాస్‌మేట్ ఫొటోతో స్టిక్కర్లు చేయడం ఇప్పుడు మామూలైపోయింది. తరగతి ఒప్పందంలోని ఐదు నియమాల్లో "అడక్కుండా ఫొటో పెట్టొద్దు" అన్నది ఒకటిగా ఉండేలా చూడండి. ఫిర్యాదు వస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమని, కానీ ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దని చెప్పండి. పిల్లల ఫోన్లు లాక్కుని మీరు వెతకొద్దు. అవి ఎక్కువగా నాన్నవో అమ్మవో. వాళ్లని పిలిచి వాళ్లనే చూడమనండి.

తల్లిదండ్రుల మీటింగులో "మీ పిల్లలు బూతులు మాట్లాడుతున్నారు" అని మొదలుపెడితే ఆ రోజు ఇంట్లో వీపులు విమానం మోతే. ముందు టీచర్లుగా మేం ఏం మార్చుకున్నామో చెప్పండి. తర్వాత ఒక్క పని అడగండి: రాత్రి భోజనం దగ్గర "ఇవాళ బడిలో నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా? నువ్వెవరినైనా అన్నావా?" రెండు ప్రశ్నలూ అడగమనండి, మొదటిది ఒక్కటే కాదు.

## 10. ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

ఫిర్యాదుల పెట్టె పెట్టాం, ఖాళీగా ఉంది. గేటు దగ్గర, అందరూ చూసేచోట పెట్టి ఉంటారు. లైబ్రరీ మూలకు మార్చండి. తాళం ఎవరి దగ్గర ఉందో పిల్లలకు చెప్పండి. వాళ్లు నమ్మే టీచరు దగ్గరే ఉండాలి. తీసే రోజు ఖాయం చేయండి.

క్లాస్ లీడరు చిన్న పోలీసు అయిపోయాడు. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే పని తీసేయండి. లీడరు పని గొడవ ఆపడం కాదు, టీచరుకు కబురు చేయడం.

రెండు వారాలు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. దాదాపు ప్రతిచోటా ఇంతే. స్టాఫ్‌లో ఎవరో పది సెకన్ల పద్ధతి వదిలేసి ఉంటారు. పిల్లల్ని కాదు, స్టాఫ్‌ని ముందు కదిలించండి. మీతో సహా.

మంచి పిల్లలకు బహుమతి పెట్టాం, గొడవలు పెరిగాయి. "ఉత్తమ మర్యాద" బహుమతి వద్దు. నటించేవాళ్లకే వెళ్తుంది. తరగతి మొత్తానికి ఏదైనా ఇవ్వండి, ఒక గంట ఎక్కువ ఆట చాలు.

ఎగతాళి తగ్గింది, కానీ ఒక పిల్ల ఇంకా ఒంటరిగానే ఉంది. మాటలు ఆగినా వెలి ఆగలేదు. పనుల జతలో తనకి నెమ్మదైన తోడును చూసి వేయండి. "దీనితో స్నేహం చేయండి" అని క్లాసులో ప్రకటించకండి.

## 11. వారాల పట్టిక

- జూలై 1, 2 వారాలు: వినడం, కుప్పలు, గీతల లెక్క
- జూలై 3వ వారం: స్టాఫ్ మీటింగ్, తరగతి ఒప్పందాలు
- జూలై 4వ వారం: పది సెకన్ల పద్ధతి మొదలు, "నీళ్లు తాగొద్దాం" నాటిక
- ఆగస్టు 1, 2 వారాలు: ఆరు–తొమ్మిది జతలు, పనుల జతలు
- ఆగస్టు 3వ వారం: బుధవారం భోజన వరుసలు
- ఆగస్టు 4వ వారం: తల్లిదండ్రుల మీటింగు
- సెప్టెంబరు 5: స్వపరిపాలన దినోత్సవం, వెనక బెంచీలో కూర్చుని వినండి
- దసరా సెలవులకు వారం ముందు: అదే భోజనం వరుస, అదే పదిహేను నిమిషాలు, మూడు రోజులు మళ్లీ గీతలు

గీతలు సగానికి తగ్గితే బాగా చేసినట్టే. సున్నా వస్తే అనుమానించండి, పిల్లలు మిమ్మల్ని చూసి గొంతు తగ్గించి ఉంటారు. ఇంకో టీచరును నిలబెట్టి మళ్లీ లెక్క తీయండి.

సెలవుల తర్వాత మొదటి వారం పాత మాటలన్నీ తిరిగొస్తాయి, పండక్కి ఊళ్లో నేర్చుకున్న కొత్తవి నాలుగు కలుపుకుని మరీ. అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. స్టాఫ్‌కి ఐదో అడుగు ఒకసారి గుర్తుచేసి, చార్టు మీద చిరిగిన చీటీలు మళ్లీ అంటించండి.